పర్యావరణహితమైన ఇళ్లు కొనే యాప్: డిజైన్ గురించి మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్ల కోసం ఇలాంటి యాప్ ఒకటి డిజైన్ చేస్తున్నామని తెలిసినప్పటి నుంచి, కొత్తగా ఈ పనికి దిగినవాళ్లు, చిన్న స్టార్టప్‌ల వాళ్లు, ఒకరిద్దరు బిల్డర్లు కూడా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాం. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి ఒక్క ముక్కే.

‘గ్రీన్ హోమ్’ అన్నప్పుడు యాప్‌లో అన్నిటికన్నా ముందు ఏం చూపించాలి?

నీళ్లు.

మేం కూడా మొదట్లో ఆకుపచ్చ రంగు, మొక్కల ఫొటోలు, ‘ప్రకృతి ఒడిలో’ లాంటి మాటలతోనే మొదటి స్క్రీన్ తయారు చేశాం. నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడకు చూపించాం. కాసేపు అటూ ఇటూ జరిపి చూసి, ‘‘ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ బాబూ, ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకోవాలా వద్దా?’’ అన్నారు. యాప్ మొత్తం వెతికినా దానికి జవాబు లేదు. ఆ స్క్రీన్ మర్నాడే తీసేశాం.

ఊరి శివార్లలో పెరిగిన కాలనీల్లో ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు అడుగంటుతాయి, గేటు ముందు ట్యాంకర్లు నిలబడతాయి. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లోనే కలుస్తుంది. అందుకని ఇప్పుడు ప్రతి ఇంటి పేజీలో పైన కనిపించే పెట్టె నీళ్లదే. జలమండలి కనెక్షన్ ఉందా, లేక బోరు మీదే నడుస్తోందా? ఇంకుడు గుంతలు ఎన్ని? ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకు వెళ్తున్నాయా, మొక్కలకే సరిపెడుతున్నారా? పోయిన ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు? ఈ చివరి సంగతి బిల్డర్ చెప్పలేడు, అక్కడ ఉంటున్నవాళ్ల అసోసియేషన్ లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. ఇంకా ఎవరూ దిగని కొత్త ప్రాజెక్టయితే ఆ గడిలో ‘ఇంకా ఎవరూ నివాసం లేరు, లెక్క లేదు’ అనే రాస్తాం. గడి ఖాళీగా కనబడితే బాగుండదని మా టీమ్‌లోనే ఒకరు వాదించారు. కొనేవాళ్లకు ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే అని మా ఉద్దేశం.

ఐజీబీసీ, గృహ, ఎడ్జ్... ఈ గ్రీన్ బిల్డింగ్ రేటింగులన్నీ మామూలు మనిషికి ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

ముందు డిజైనర్‌కు అర్థం కావాలి. ఐజీబీసీ అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్. పరిశ్రమల సమాఖ్య సీఐఐ 2001లో మొదలుపెట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే, హైటెక్ సిటీ దగ్గర సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో ఉంది. దేశంలో మొదటిసారి లీడ్ (అమెరికా గ్రీన్ బిల్డింగ్ రేటింగ్) ప్లాటినం రేటింగ్ అందుకున్నది ఆ భవనమే, 2003లో. మీరు ఈ యాప్ పని చేస్తుంటే ఒకసారి వెళ్లి చూడండి. నడి మధ్యాహ్నం కూడా లోపలికి వెలుతురు ఎలా వస్తోందో కళ్లతో చూస్తే పది పీడీఎఫ్‌లు చదివినంత లాభం.

ఐజీబీసీలో సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మెట్లుంటాయి. గృహ అనేది ఇంధన పరిశోధన సంస్థ టెరీ, కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చింది, ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తుంది. ఎడ్జ్ ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఆర్థిక సంస్థ ఐఎఫ్‌సీది. మామూలు భవనంతో పోలిస్తే కరెంటులో, నీళ్లలో, సామాగ్రి తయారీ వల్ల వెలువడే కార్బన్‌లో, మూడిట్లోనూ కనీసం 20 శాతం ఆదా చూపిస్తేనే ఆ సర్టిఫికెట్ వస్తుంది.

ఈ మూడింటినీ కలిపి వందకు ఇన్ని మార్కులని మీ సొంత స్కోరు వేయకండి. మేం వేశాం, తప్పు చేశాం. ‘82 ఎలా వచ్చింది?’ అని అడిగితే మా దగ్గరే సరైన జవాబు లేకపోయింది. ఇప్పుడు రేటింగ్ పేరు, మెట్టు, ఇచ్చిన సంవత్సరం, సర్టిఫికెట్ కాపీ, ఈ నాలుగే చూపిస్తున్నాం.

ప్రీ-సర్టిఫికేషన్ ఉన్న ప్రాజెక్టుకు బ్యాడ్జ్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, అయితే అదే బ్యాడ్జ్ ఇవ్వకూడదు. ప్రీ-సర్టిఫికేషన్ అంటే ప్లాన్లు చూసి, ఇలా కడితే ఈ రేటింగ్‌కు అర్హత ఉంటుందని చెప్పడం. కట్టడం అయ్యాక, కాగితం మీద ఉన్నది నేల మీద ఉందో లేదో చూసి ఇచ్చేది అసలు సర్టిఫికెట్. బ్రోషర్లలో మాత్రం రెండూ ఒకే బంగారు ముద్రతో మెరుస్తుంటాయి. ఒక ప్రాజెక్టులో ప్రీ-సర్టిఫైడ్ గోల్డ్ అని వేసుకుని అమ్మేశారు. ఇళ్లు అప్పగించి రెండేళ్లయినా అసలు సర్టిఫికెట్‌కు దరఖాస్తే పెట్టలేదు. అందులో కొన్నవాళ్లలో మా బంధువులూ ఉన్నారు.

మేం ప్రీ-సర్టిఫికేషన్‌ను గీతల అంచుతో, లోపల రంగు లేకుండా చూపిస్తాం. అసలుది నిండు రంగులో ఉంటుంది. రంగు సరిగా కనిపించనివాళ్ల కోసం కింద ‘ప్లాన్‌కు మాత్రమే’, ‘కట్టిన ఇంటికి’ అని మాటల్లో రాస్తాం. ఈ రెండు మాటల దగ్గరకు రావడానికి మాకు చాలా రోజులు పట్టింది.

‘ఎకో ఫ్రెండ్లీ’ అని బిల్డర్ రాసిస్తే అలాగే పెట్టేయొచ్చా?

వద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణహితాన్ని ఉన్నట్టు చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, క్లీన్ లాంటి గాలి మాటలు ఊరికే వాడకూడదు, ఏ విషయంలో, దేని ఆధారంగా అంటున్నారో చూపించాలి. మా ఫారంలో ‘పర్యావరణహితం’ అన్న టిక్కు గడే పెట్టలేదు. బిల్డర్ ఏదైనా చెప్పుకోవాలంటే దానికి తగ్గ కాగితం అప్‌లోడ్ చేయాల్సిందే. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు వాడామంటే బిల్లు, సోలార్ పెట్టామంటే నెట్ మీటర్ (వాడిన కరెంటు, గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించే మీటర్) ఫొటో. దీనివల్ల లిస్టింగులు తగ్గుతాయి. తగ్గాయి కూడా.

వాస్తు ఫిల్టర్ పెట్టాలా?

పెట్టకపోతే ఇక్కడ యాప్ నడవదు. డిజైనర్లకు ఇష్టం ఉన్నా లేకున్నా ‘ఈస్ట్ ఫేసింగ్’ అని వెతకని కుటుంబం తక్కువ. మేం ఆ ఫిల్టర్‌ను పక్కన పెట్టకుండా దాన్నే వేడి సంగతి చెప్పడానికి వాడుకున్నాం.

ఫ్లాట్లలో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకు అని. గుమ్మానికి ఎదురుగా బాల్కనీ ఉంటే అది పడమటికి వస్తుంది. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతి మూలకు పోతుంది. అంటే మే నెలలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ కొట్టే గోడలు సరిగ్గా మీరు రాత్రి పడుకునే గదివే. అలాగని తూర్పు గుమ్మం ఇల్లు కొనొద్దని యాప్ చెప్పకూడదు, చెప్పినా ఎవరూ వినరు. ఆ ఫిల్టర్ నొక్కగానే ఇంకో మూడు ప్రశ్నలు తెరుస్తాం. పడమటి గోడ దేనితో కట్టారు? కిటికీల మీద సజ్జా ఎంత బయటికి ఉంది? ఎదురుగా నీడనిచ్చే భవనం గానీ చెట్టు గానీ ఉందా? వానాకాలం గాలి పడమటి నుంచే వస్తుంది కాబట్టి, నీడ ఉన్న పడమటి కిటికీ జూన్ తర్వాత వరమే.

లెక్క కావాలనేవాళ్లకు ‘ఎకో నివాస్ సంహిత’ ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన కోడ్ అది. పైకప్పు కాకుండా గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడిని ఆర్‌ఈటీవీ అనే అంకెతో కొలుస్తుంది. మన వాతావరణంలో అది చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. బిల్డర్ దగ్గర ఆ అంకె ఉంటే చూపిస్తాం. పై అంతస్తు ఫ్లాటయితే కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) వేశారా అన్నది కూడా అడుగుతాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో దానికోసం ఒక విధానమే ప్రకటించింది.

మ్యాప్‌లో చెరువులు, నాలాలు చూపించడం అవసరమా? బిల్డర్లకు కోపం వస్తుందేమో.

వస్తుంది. అయినా చూపించాలి. ఇంటి మీద సోలార్ ఉండి, ఇల్లే చెరువు శిఖంలో (చెరువు నేలలో) ఉంటే అది పర్యావరణహితం ఎలా అవుతుంది? 2020 అక్టోబరు వానల్లో నీళ్లొచ్చిన ఇళ్లలో చాలా మటుకు చెరువుల కింద, నాలాల పక్కన ఉన్నవే. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు ఇరానీ చాయ్ దుకాణాల్లో కూడా వినపడుతున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే హద్దు. ఆ హద్దు నుంచి బయటికి, పది హెక్టార్లు గానీ అంతకుమించి గానీ ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ.

డిజైన్‌లో జాగ్రత్త ఏమిటంటే, మ్యాప్ మీద గీత కనబడగానే జనం అదే కోర్టు తీర్పు అనుకుంటారు. ఫోన్ తెర మీద ఒక పిక్సెల్ జరిగితే నేల మీద కొన్ని మీటర్లు జరిగినట్టే. అందుకని సన్నని గీత కాకుండా వెడల్పాటి మసక పట్టీ వేస్తాం. నొక్కితే ‘ఈ స్థలం హద్దుకు దగ్గర్లో ఉంది, సర్వే నంబరుతో హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్ చూసుకోండి’ అని వస్తుంది. ఇస్రో వాళ్ల భువన్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఉంటాయి. పక్కపక్కన రెండు సంవత్సరాల చిత్రాలు పెట్టి వేలితో జరిపి చూసుకునే స్క్రీన్ ఒకటి చేశాం. మా యాప్‌లో అందరూ ఎక్కువసేపు ఉండిపోయేది అక్కడే. సొంత ఇల్లు ఎప్పుడో చెరువులో ఉండేదా అని చూసుకుంటారు పాపం.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ ఉన్న 84 గ్రామాల విషయం వేరే. 1996 నాటి జీవో 111 అక్కడ కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది, 2022లో జీవో 69తో వాటిని ఎత్తేస్తున్నామన్నారు. ఇలాంటి చోట యాప్ సొంతంగా ‘సేఫ్’ అని గానీ ‘రిస్క్’ అని గానీ ముద్ర వేయొద్దు. గ్రామం పేరు తగలగానే లాయర్‌ను అడగమని చెప్పి ఊరుకోండి.

రెరా నంబరు తప్పనిసరిగా అడగాలా?

500 చదరపు మీటర్లకు మించిన స్థలం గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ ఉన్న కొత్త ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకమే కుదరదు. ‘ప్రీ లాంచ్ ఆఫర్’, ‘యూడీఎస్ రేటు’ (కట్టకముందే స్థలంలో విడదీయని వాటా అమ్మడం) అంటూ వచ్చేవాటిని లోపలికే రానివ్వకండి. నంబరు పట్టుకుని వెబ్‌సైట్‌లో పేరు, సర్వే నంబరు, గడువు సరిపోయాయో లేదో మనిషి చేత చూపించాలి. తెలంగాణ రెరాలో ప్రాజెక్టు నంబరు ‘పి’తో మొదలవుతుంది, ఏజెంట్‌ది ‘ఎ’తో. ఏజెంట్ నంబరునే ప్రాజెక్టు నంబరుగా వేసి పంపినవాళ్లను మేం చూశాం.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. కొనేవాళ్లను, అమ్మేవాళ్లను ఏ మాధ్యమం ద్వారానైనా కలిపి కమీషన్ తీసుకునేవాళ్లు చట్టం దృష్టిలో ఏజెంట్లే. యాప్ అయినా సరే. మీ ఆదాయం ఎలా వస్తుందో తేల్చుకుని, లాంచ్‌కు ముందే లాయర్ దగ్గర కూర్చోండి.

ధర ఎలా చూపించాలి?

కోట్లలో, లక్షల్లో. 12,500,000 అని కామాలు పెడితే మన కళ్లు తడబడతాయి, 1.25 కోట్లు అనండి. ఫ్లాటుకు చదరపు అడుగులు, స్థలానికి గజాలు. గజం అంటే తొమ్మిది చదరపు అడుగులని కింద చిన్నగా రాయండి, మన ఊళ్లో పెరిగిన పిల్లలకే తెలియడం లేదు. సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటూ కలిపింది) కన్నా కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే చోటు) పెద్ద అక్షరాల్లో ఉండాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ, చౌక ఇళ్ల లెక్కలోకి వస్తే 1 శాతం, ఓసీ (ఇంట్లో దిగొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ఇది ధర పక్కనే ఉండాలి. కార్పస్ ఫండ్ (సంఘం పెద్ద ఖర్చుల కోసం ముందే కట్టే నిధి), క్లబ్ హౌస్, పార్కింగ్ కూడా అక్కడే. ఎస్‌టీపీ నడపడానికి, సోలార్ ప్యానెళ్లు తుడవడానికి కూడా ఖర్చు ఉంటుంది, గ్రీన్ ఇంటి మెయింటెనెన్స్ తప్పకుండా తక్కువగా ఉంటుందని చెప్పొద్దు.

సోలార్‌తో ఎంత మిగులుతుందో లెక్క చూపించే స్క్రీన్ పెట్టాలనుకుంటున్నాం. ఎలా?

సొంత ఇల్లు, ఫ్లాటు రెండిటికీ వేర్వేరుగా పెట్టండి. సొంత డాబా ఉన్నవాళ్లకు లెక్క సులువు. ఒక కిలోవాట్‌కు నీడ పడని చోటు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు అంతకన్నా ఎక్కువైతే మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ.

ఫ్లాటులో డాబా అందరిదీ. అక్కడ సోలార్ సాధారణంగా లిఫ్టులకు, మెట్ల లైట్లకు, మోటార్లకు పోతుంది. అదే పథకంలో అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇలాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. కాబట్టి ‘సోలార్ ఉంది’ అని చూసి మన ఇంటి కరెంటు బిల్లు సున్నా అవుతుందని అనుకునేవాళ్లకు ముందే చెప్పాలి: మీ మీటర్ మారదు, మెయింటెనెన్స్ తగ్గొచ్చు. బోర్డులో పెద్దగా సోలార్, డాబా మీద నాలుగు ప్యానెళ్లు ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. అందుకే ఎన్ని కిలోవాట్లు, ఎన్ని ఫ్లాట్లకు అని రెండు అంకెలూ పక్కపక్కన వేస్తాం.

తెలుగులో యాప్ అవసరమా? హైదరాబాద్‌లో అందరికీ ఇంగ్లీష్ వచ్చుగా?

ఫోన్ పట్టుకునేది కొడుకో కూతురో, డబ్బు ఇచ్చేది తరచూ నల్గొండలోనో ఖమ్మంలోనో పొలం అమ్మిన నాన్న. ఆయనకు లింక్ పంపితే చదవగలగాలి.

కష్టమంతా ఏ తెలుగులో రాయాలన్నదే. ‘వర్షపు నీటి సంరక్షణ వ్యవస్థ’ అని రాసి చూపిస్తే ఒకాయన అద్దాలు సవరించుకుని మళ్లీ చదివారు. ‘ఇంకుడు గుంతలు’ అని మార్చాక ఎన్ని ఉన్నాయని అడిగారు. ‘పునరుత్పాదక ఇంధనం’ పోయి ‘సోలార్ కరెంటు’ వచ్చింది. అలాగని అన్నీ ఇంగ్లీష్ మాటలే పెట్టినా విసుగే. ‘బెడ్‌రూమ్’, ‘లిఫ్ట్’, ‘మెయింటెనెన్స్’ ఉండనిచ్చాం, ‘గాలి, వెలుతురు’ను మాత్రం ‘వెంటిలేషన్’ కానివ్వలేదు.

అక్షరాల దగ్గర ఇంకో తలనొప్పి. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీష్‌కు సరిపోయిన వరుస ఎత్తులో ‘రాష్ట్రం’ అని రాస్తే కింది ఒత్తు తెగిపోతుంది. వరుసల మధ్య ఎడం పెంచాలి, బటన్లు పెద్దవి చేయాలి. అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి, పదం విరిగిపోయినట్టు కనిపిస్తుంది. వెతికే చోట జనం ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, ఒక్కో ఊరి పేరును నాలుగైదు రకాలుగా రాస్తారు. ఆ రకాలన్నీ ముందే పట్టికలో పెట్టుకోండి. మాట్లాడి వెతికే సౌకర్యం పెద్దవాళ్లకు బాగా నచ్చింది.

‘ఇంకా 2 ఫ్లాట్లే మిగిలాయి’, ‘ఇప్పుడే 14 మంది చూస్తున్నారు’ లాంటివి పెడితే బుకింగులు పెరుగుతాయా?

పెరగొచ్చు. అది నిజం కాకపోతే తప్పు. 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించారు, లేని తొందర పుట్టించడం అందులో మొదటిదే. బతుకంతా కూడబెట్టిన డబ్బుతో వచ్చినవాళ్లకు టెన్షన్ పెట్టి అమ్మే యాప్ మాకు వద్దు.

ఫోన్ నంబరు ఎప్పుడు అడగాలి?

సైట్ విజిట్ బుక్ చేసేటప్పుడు. అంతకు ముందు అక్కర్లేదు. ధర చూడాలంటే నంబరు ఇవ్వాలనే చోట ఒకసారి నా నంబరు ఇచ్చాను. సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంది, శంషాబాద్‌లో ప్లాట్లు కూడా చూడమన్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. సమ్మతి అడిగే నోటీసును తెలుగులో చూసుకునే వీలు ఉండాలి, ఇచ్చిన సమ్మతిని అంతే సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. ‘నా నంబరు తీసేయండి’ అన్న బటన్‌ను సెట్టింగుల్లో ఎక్కడో దాచకండి.

త్రీడీ టూర్ పెట్టాలా?

డబ్బు మిగిలితే. దానికన్నా ముందు మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో తీసిన మామూలు వీడియో పెట్టండి.

యాప్‌లోనే ఇల్లు కొనేసేలా చేయొచ్చా?

చివరిదాకా కుదరదు. రిజిస్ట్రేషన్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. ఇక అడ్వాన్సు సంగతి. అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది, కాబట్టి పేమెంట్ స్క్రీన్‌లో ఆ హద్దు దాటి అంకె వేయనివ్వకూడదు. మా యాప్ కాగితాల పట్టీ దగ్గర ఆగుతుంది: లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం), అనుమతి ప్లాన్, ఓసీ, గ్రీన్ సర్టిఫికెట్. ఒక్కోటి చూశాక కొనేవాళ్లే టిక్కు పెట్టుకోవాలి. ‘అన్నీ చూశాను’ అనే ఒక్క టిక్కు ఇవ్వలేదు, ఇస్తే చూడకుండానే కొట్టేస్తారు.

పాత ఇళ్లు, రీసేల్ ఫ్లాట్లు పెట్టొచ్చా? వాటికి ఏ రేటింగూ ఉండదు కదా.

తప్పకుండా పెట్టండి. ఉన్న ఇంటిని వాడుకోవడం కన్నా సిమెంటు ఆదా చేసే పద్ధతి ఏముంది? మారేడ్‌పల్లిలోనో మలక్‌పేటలోనో మందపాటి గోడల పాత ఇల్లు, వాకిట్లో వేపచెట్టు, వెనక బావి ఉంటే దానికి సర్టిఫికెట్ ఉండదు గానీ ఏసీ అవసరం తక్కువే. వీటికి రేటింగ్ గడి బదులు గత 12 నెలల కరెంటు బిల్లులు, నీటి బిల్లులు అడుగుతాం. పేరు, సర్వీసు నంబరు కనబడకుండా చెరిపి చూపిస్తాం. మొదట్లో అమ్మేవాళ్లు బిల్లులు ఇవ్వడానికి మొహమాటపడ్డారు. పక్కింటివాళ్ల బిల్లు తక్కువని తెలిసినప్పటి నుంచి వాళ్లే పంపుతున్నారు.